‘ఠీక్ హై సర్’ అనకు

సాయిలూ, ముందుగాల కూసో.
తిరుమలగిరి చౌరస్తా చాయ్ హోటల్‌ల
ఈ ఫ్యాను గరగరమంటది. నీకు వినపడదు, నాకెరుకే.
అందుకే నీ కుడిచెవి దిక్కు జరిగిన.

రేపు పొద్దుగాల ఎనిమిదికి బోర్డు.
డాక్టరు “ఎట్లున్నవ్” అంటడు.
పందొమ్మిదేండ్లు నీ నోటికి ఒక్కటే జవాబు నేర్పిన్రు:
మడిమలు కలిపి, గదువ ఎత్తి, ఠీక్ హై సర్.
ఆ మూడు మాటలు
ట్రంకుపెట్టెల ఉన్న యూనిఫామ్ జేబుల పెట్టి
తాళం వేసి రా.

మంచి దినం ముచ్చట ఎవ్వలడిగిన్రు?
చెడ్డ దినం చెప్పు.
కుక్కర్ అడుగంటి ఇల్లంతా పొగైనా
పక్క గదిల నువ్వు పేపర్ చదువుకున్న పొద్దు.
అల్వాల్ గేటు కాడ
వెనుక లారీ హారన్ లోకమంతా విని
నిన్ను తిట్టిన సాయంత్రం.
లోపలి ఈల గురించి చెప్పు,
తోపులు ఆగి ఇన్నేండ్లయినా
రాత్రి రెండింటికి అది ఆగదని.

సుగుణతోని రాయించు.
టీవీ ఎంత గట్టిగ పెడ్తవో నీకన్న ఆమెకు ఎరుక,
ఆమెకన్న పక్కింటోళ్లకు ఎరుక.
వాళ్లతోనూ రాయించు. తారీఖు వేయించు.
తారీఖు లేని నొప్పిని కచేరి నొప్పి అనదు.

నువ్వు భర్తీ అయిననాటి మెడికల్ కాగితం వెతుకు.
రెండు చెవులూ బాగున్నయని
ఎవరో డాక్టరు నీలిసిరాతో రాసిండు.
నువ్వు సర్కారుకు అప్పజెప్పిన చెవులకు
అదొక్కటే రసీదు.

లాల్‌బజార్‌ల నాలుగు జిరాక్స్‌లు తీయించు.
అసలుది దేవుడడిగినా ఇయ్యకు.
రిజిస్టర్ పోస్టు చీటీ బియ్యం డబ్బాల దాచకు,
పోయినసారి పురుగులు తిన్నయి, యాదికుందా?
ఆఫీసు ముంగట గొడుగు కింద కూసున్నాయన
“సగం నాకు, పని నా జిమ్మ” అంటడు.
నమస్తే పెట్టి నడువు.

జవాబొస్తది. మొదటిసారి కాదనే వస్తది.
ఒక్కటే వాక్యం:
“సర్వీసు వల్ల వచ్చినది కాదు, సర్వీసు వల్ల పెరిగినదీ కాదు.”
అది చూసి కుంగకు సాయిలూ, ఎందుకంటే
(చాయ్ తాగు, సల్లారుతున్నది)
ఎందుకంటే, ఆ వాక్యం నేను కొట్టిన.

రికార్డు ఆఫీసుల ఇరవై రెండేండ్ల క్లర్కును.
మొదట టైపు మిషన్ మీద, కార్బన్ పెట్టి.
కంప్యూటర్లొచ్చినంక దానికొక మీట పెట్టుకున్న,
రెండు వేళ్లు చాలు, వాక్యం మొత్తం దిగేది.
పేరు, నంబరు మారేవి. అంతే.
బికనీర్ మోకాలు, గఢ్వాల్ గుండె,
మన సిద్ధిపేట వెన్నుపూస.
లంచ్ గంటకు ముందు ముప్పై.
ఒక్క ముఖమూ చూడలే.

తిరిగి రాసినోళ్లు తక్కువ.
మిగిలినోళ్లు దాన్ని ఆర్డర్ అనుకున్నరు,
ఆర్డర్‌కు ఎదురు చెప్పరు కదా మనోళ్లు.
అది ఉత్తరం. ఉత్తరానికి జవాబు రాయొచ్చని
వాళ్లకు ఎవ్వలూ చెప్పలే,
టిక్కెట్టంటించిన నేను కూడ.

అప్పీలు నేను రాస్త. పైసలొద్దు.
మళ్ల కాదంటే ఇంకోటి రాస్త.
ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సొస్తే
నా మోకాళ్లు నీ చెవుల కన్న తక్కువేం కాదు,
మెల్లగ ఎక్కుదాం.
ఏండ్లు పడ్తయేమో. పట్టవని అబద్ధమాడను.

నువ్వేమో తలూపుతున్నవు,
గ్లాసు పక్కకు పెట్టి
“ఏమన్నవన్నా, ఫ్యాను సప్పుడుల
ఆ టైపు ముచ్చట సరిగ వినపడలే” అంటున్నవు.

మళ్ల చెప్పాలె.
ఈసారి గట్టిగ,
హోటలంతా తిరిగి చూసేటట్టు.